జేబులో అడవి

ఉదయం ఆరూ పది. మౌలాలి గుట్ట కింద టీ బండి పక్కన, బల్ల మీద తిరుమల్ కూర్చుని ఉన్నాడు. పక్కనే పేపర్ కప్పులో చాయ్ పొగలు కక్కుతోంది. తిరుమల్‌లో మాత్రం ప్రాణం లేదు.

టీ బండివాడికి ఆ సంగతి తెలియడానికి కాసేపు పట్టింది. "అన్నా, చాయ్ సల్లగైతున్నది" అని రెండుసార్లు చెప్పి, మూడోసారి భుజం మీద తట్టాడు. తిరుమల్ మెల్లగా పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనక కందిగింజంత రంధ్రం. సైలెన్సర్ పెట్టిన పిస్టల్ చేసిన పని అది.

ఆరూ నలభైకల్లా ఏజెంట్ జెఫ్రీ అక్కడికి చేరుకున్నాడు. నీలం యూనిఫాం, వీపు మీద 'వాటర్ ఫిల్టర్ సర్వీస్' అని తెల్లక్షరాలు, చేతిలో టూల్ బ్యాగు. లాలాగూడ నుంచి నేరేడ్‌మెట్ దాకా జనం అతన్ని ఫిల్టర్ జెఫ్రీ అనే పిలుస్తారు. భార్య ప్రిసిల్లా కూడా ఆయన ఫిల్టర్లే బాగుచేస్తాడని నమ్ముతోంది. ఇంట్లో ఫిల్టర్ మాత్రం ఎనిమిది నెలల నుంచి కారుతూనే ఉంది. ఆమెకున్న అనుమానమల్లా అదొక్కటే.

పోలీసులు వచ్చేలోపు జెఫ్రీ తిరుమల్ జేబులు వెతికాడు. ఫోన్ లేదు. కుడి జేబులో పల్లీల పొట్లం కాగితం, మూడు చాక్లెట్ రేపర్లు, ఎండిపోయిన అరటి తొక్క. ఎడమ జేబులో నాలుగు బస్సు టికెట్లు, మడిచిన పేపర్ కప్పు. ఎప్పుడూ ఇంతే. ఇద్దరూ పనిచేసే రహస్య యూనిట్‌లో అందరూ తిరుమల్‌ని నడిచే చెత్తబుట్ట అని ఏడిపించేవాళ్లు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది జెఫ్రీయే.

ఇవాళ ఆ అరటి తొక్కని మళ్లీ తిరుమల్ జేబులోనే జాగ్రత్తగా పెట్టేశాడు.

ఐదూ యాభైకి తిరుమల్ ఫోన్ చేశాడు. జెఫ్రీ బ్రష్ నోట్లో పెట్టుకుని ఉన్నాడు. ముక్కు మూసుకుని, కంప్యూటర్ లేడీ గొంతుతో "మీరు కాల్ చేసిన సబ్‌స్క్రైబర్ ప్రస్తుతం పళ్లు తోముకుంటున్నారు, దయచేసి చాయ్ తాగి మళ్లీ ప్రయత్నించండి" అన్నాడు. అవతల తిరుమల్ పకపకా నవ్వాడు. "సరే తియ్, చాయ్ తాగే చేస్త" అని పెట్టేశాడు.

చాయ్ వచ్చింది. ఫోన్ మళ్లీ రాలేదు.

* * *

లాలాగూడ సందులో 'కాంతమణి లేడీస్ టైలర్స్' అని ఒక బోర్డు ఉంటుంది. ముందు గదిలో బ్లౌజులు కుడతారు. వెనక గదిలో దేశం బట్టకి పడ్డ చిరుగులు కుడతారు. రెండింటికీ డెలివరీ టైముకి ఇవ్వాల్సిందే. కాంతమణికి ఆలస్యం గిట్టదు. గుంటూరు వైపు మాస్టర్ల కుటుంబం ఆవిడది. ఇరవై ఏళ్లు లెక్కల టీచర్‌గా పనిచేసి, ఆ బెత్తం అక్కడే వదిలేసి, చూపు మాత్రం వెంట తెచ్చుకుంది. గంజి పెట్టిన కాటన్ చీర, ఎడమ చెవిలో వినికిడి మెషిన్. యూనిట్ చీఫ్ ఆవిడే.

"కూర్చోండి. ఏడవడం తర్వాత. ఇప్పుడు టైములేదు."

ముగ్గురూ కూర్చున్నారు. ఒకడు జెఫ్రీ. రెండోవాడు, రైల్వే వర్క్‌షాపులో పాతికేళ్లు ఇంజన్లు విప్పి, ఇప్పుడు యూనిట్‌కి గాడ్జెట్లు బిగించే పాల్. మూడో మనిషి, నల్ల కళ్లద్దాలు నెత్తి మీదకి నెట్టుకుని, గదంతా సెంటు వాసన నింపేసిన ఎలీనా. ఎలీనాకి ఆరు భాషలు వచ్చు. ఆరింటిలోనూ అబద్ధం అందంగా చెప్పగలదు, అదే ఆమె ఉద్యోగం. ఆమె ఇంట్లో ఫిల్టర్‌ని జెఫ్రీ ఇప్పటికి మూడుసార్లు సర్వీస్ చేశాడు. మూడుసార్లూ దానికి ఏ రోగమూ లేదు.

కాంతమణి కటింగ్ టేబుల్ మీద ఆకుపచ్చ లైనింగ్ గుడ్డ పరిచింది. చేతిలోకి టైలర్ చాక్ తీసుకుంది.

"ఇది ఏడుగుట్టల అడవి. పాతికేళ్ల కిందట దళాలు ఇక్కడిదాకా వచ్చాయి." ఒక గీత. "ఇంకో ఏడెనిమిదేళ్లకి ఇక్కడిదాకా." గుడ్డ అంచుదాకా ఇంకో గీత. "నాలుగు వందల ఊళ్లు. బడి గంట కూడా వాళ్లు కొట్టమంటేనే కొట్టేవాళ్లు. తర్వాత రోడ్లు వచ్చాయి, బలగాల క్యాంపులు వచ్చాయి. వెనక్కి. మళ్లీ వెనక్కి." గీతలు లోపలికి లోపలికి వచ్చాయి. చివరికి ఒక చిన్న చదరం మిగిలింది. "ఇవాళ్టికి ఇది. చొక్కా జేబంత."

"ఐతే మంచిదే గద మేడమ్" అన్నాడు పాల్.

"వెనక్కి పోయేవాళ్లు చేతులూపుకుంటూ పోతారా పాల్? బాటలు మూసుకుంటూ పోయారు. ఇప్పవాడ అనే ఒక్క ఊరి చుట్టూ నలభై ఆరు మందుపాతరలు. ఆ ఊరివాళ్లు రెండు వందల పన్నెండు కుటుంబాలు, తొమ్మిదేళ్లుగా రేకుల షెడ్లలో ఉన్నారు. ఇవాళ పదకొండు గంటలకి ట్రాక్టర్లెక్కి ఇంటికి పోతున్నారు. విత్తనాలు, మేకలు, ముసలీ ముతకా అన్నీ ఎక్కేశాయి."

"ఇంకో నాలుగు దినాలు ఆపొచ్చు గద?"

"రెండుసార్లు ఆపాం. మూడోసారి ఆగరు. మనం ఆపితే రాత్రికి రాత్రి నడిచిపోతారు, ముందు బాంబు స్క్వాడ్ కూడా లేకుండా. అందుకే మనకి మ్యాపు కావాలి."

ఆ మ్యాపు గీసినవాడి పేరు సోమయ్య. దళం ఎంత ముందుకు పోయిందో, ఎంత వెనక్కి వచ్చిందో ఇరవై రెండేళ్లుగా గీస్తున్నవాడు. పాతర పెట్టిన ప్రతి చోటూ అతనికే తెలుసు. ఇప్పుడు బయటికొచ్చి అది అప్పగిస్తానన్నాడు. ఒకప్పుడు అదే దళంలో పనిచేసి బయటికొచ్చిన తిరుమల్‌ని మాత్రమే నమ్మాడు. సోమయ్య ఫోటో ఒక్కటే ఉంది, పదో తరగతి గ్రూప్ ఫోటో. అందులో అతను కళ్లు మూసుకున్నాడు.

"సోమయ్య ముఖం తెలిసినవాడు తిరుమల్ ఒక్కడే. అందుకే పొద్దున్నే లేపేశారు" అంది కాంతమణి. "లేపింది పెలికాన్."

పెలికాన్ అంటే సముద్రం అవతలి నుంచి ఆయుధాలమ్మే ముఠా. ఉద్యమం జేబంత అయిపోతే వాళ్ల సరుకు కొనేవాడుండడు. ఇప్పవాడ బాటలో నాలుగు ట్రాక్టర్లు గాల్లోకి లేస్తే జనం మళ్లీ పారిపోతారు. ఖాళీ అయిన ఊళ్లలోకి పెలికాన్ తుపాకులు దిగుతాయి. గుడ్డ మీద గీత మళ్లీ ముందుకి జరుగుతుంది.

"పదిన్నరకి నేరేడ్‌మెట్‌లో చర్చి కాంపౌండు. స్త్రీల సమాజం వాళ్ల ఫుడ్ సేల్. గోంగూర అన్నం స్టాల్ దగ్గరికి సోమయ్య వచ్చి 'ఈ గోంగూర ఎవరి తోటది' అంటాడు. 'తోట లేదు, గోడ పక్కన మొలిచింది' అని మనం చెప్పాలి. నిన్న సాయంత్రం తిరుమల్ మనందరికీ పంపిన మెసేజ్ అది. వాడి ఫోన్ పోయింది కాబట్టి పెలికాన్‌కి కూడా తెలిసిపోయిందనే అనుకోండి."

ఆవిడ చాక్ కింద పెట్టి జెఫ్రీ వైపు తిరిగింది.

"స్టాల్లో నువ్వుంటావ్. ఎలీనా గేటు దగ్గర, నేనూ పాల్ గోడ అవతల వ్యానులో. మ్యాపు అసలుదని తేలితే నాకు ఫోన్ చేసి 'కోడి ఉడికింది' అను. లేకపోతే 'ఉడకలేదు' అను. నీ మాట మీద ట్రాక్టర్లు కదుల్తాయి జెఫ్రీ. నీ కాల్ రికార్డు విన్నాను. ఇవాళ కంప్యూటర్ లేడీ గొంతు వినిపించిందో, నిన్ను ఈ కత్తెరతోనే కత్తిరిస్తా."

జెఫ్రీ తల దించుకున్నాడు. ఆ ఒక్క కాల్లో సోమయ్య పొట్టో పొడుగో, నల్లటివాడో ఎర్రటివాడో తిరుమల్ చెప్పేసి ఉండేవాడు.

బయల్దేరేముందు పాల్ ఒక స్టీల్ టిఫిన్ క్యారియర్ చేతికిచ్చాడు.

"మూడు గిన్నెలు భాయ్. పైన పప్పు, నడిమిట్ల అన్నం, కింద జామర్. హ్యాండిల్ ఒత్తినవనుకో, యాభై మీటర్ల లోపల చెవుల్ల పెట్టుకునే మెషినీలన్నీ చెవులు పగిలేటట్టు ఒర్లుతయ్."

"నిజంగనా?"

పాల్ హ్యాండిల్ నొక్కాడు. కాంతమణి కెవ్వుమని చెవి మెషిన్ పీకి టేబుల్ మీదకి విసిరేసింది. వెనకే ఇంచుల టేపు వచ్చి పాల్ ముఖానికి తగిలింది.

"ఇంకోసారి దాన్ని నొక్కితే చంపుతా!"

"పనిజేస్తున్నది" అన్నాడు పాల్, తృప్తిగా.

* * *

పదీ ఐదు. చర్చి కాంపౌండులో షామియానా కింద నాలుగు వందల మంది. కేకులు, కట్లెట్లు, చేపల పులుసు, రోజ్ కుకీలు. మైకు పట్టుకున్న ప్రేమమణి అప్పటికి పన్నెండోసారి అరుస్తోంది. "దయచేసి ప్లేట్లు డబ్బాలో వేయండి! సహోదరులారా, డబ్బా ఎదురుగానే ఉంది, కనబడట్లేదా?"

ఎవరికీ కనబడట్లేదు. నేల మీద పేపర్ ప్లేట్లు మల్లెపూలలా పరుచుకుని ఉన్నాయి.

గోంగూర స్టాల్ హదస్సా ఆంటీది. ఏప్రన్ కట్టుకుని, ప్లేట్లో ముద్దలు పెట్టే డ్యూటీ జెఫ్రీది.

"ఓ ఫిల్టర్ అబ్బాయ్, అంతంత ముద్దలు పెడితే పన్నెండుకల్లా అయిపోద్ది. నీ చెయ్యి ఎంతుంటే అంత కాదు, నిమ్మకాయంత!"

"నిమ్మకాయంత పెడితె చీమలు లైన్ కడ్తయ్ ఆంటీ, మనుషులు రారు."

జోకు వేశాడు కానీ, కళ్లు మాత్రం ఎదురుగా ఉన్న బెలూన్ల స్టాల్ మీదే ఉన్నాయి. గోడకి రంగు రంగుల బెలూన్లు, టేబుల్ మీద ఎయిర్ గన్. చర్చి యూత్ వాళ్లు పొద్దున్నుంచి దాని చుట్టూ తిరుగుతున్నారు. స్టాలువాడు ఒక్కణ్నీ ముట్టుకోనివ్వడం లేదు. "గన్ ఖరాబైంది, పో" అంటున్నాడు. ఖరాబైన గన్‌ని మాత్రం రెండు నిమిషాలకోసారి గుడ్డతో తుడుస్తున్నాడు. చెవిలో నల్లటి బిళ్ల ఉంది.

పదీ ఇరవైకి సెంటు వాసన ముందొచ్చింది. దాని వెనక ఎలీనా వచ్చింది. వెంట ఒక బక్కపల్చటి మనిషి. ఎండకి మాడిన ముఖం, నుదుటి మీద పాత గాటు, కాళ్లకి చిరిగిన కాన్వాస్ బూట్లు.

"జెఫ్, మనవాడే. గేటు దగ్గర తచ్చాడుతుంటే పట్టుకొచ్చాను."

ఆ మనిషి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ గోంగూర ఎవరి తోటది?"

"తోట లేదు. గోడ పక్కన మొలిచింది" అన్నాడు జెఫ్రీ. "పది నిమిషాలు ముందే వచ్చినవేందన్నా?"

"అడవిల ముందొచ్చినోడే బతుకుతడు."

నమ్మేలాగే ఉంది. బనియన్ లోంచి మైనపు గుడ్డ తీసి టేబుల్ కింద చేతిలో పెట్టాడు. విప్పితే ఇప్పవాడ, వాగు, మూడు బాటలు, నలభై ఆరు ఎర్ర చుక్కలు. ఒక్కొక్కటీ నీటుగా పెట్టి ఉంది. ఎలీనా ఫోన్‌తో ఫోటో తీసింది.

"మేడమ్‌కి పంపేశాను. నువ్వు మాట చెప్పేయ్. అక్కడ ట్రాక్టర్లు స్టార్ట్ చేసి ఉంచారట."

హదస్సా ఆంటీ వచ్చిన మనిషికి ఒక ప్లేట్ అందించింది. అతను ఆబగా తింటున్నాడు. జెఫ్రీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క రింగుకే కాంతమణి ఎత్తింది.

"చెప్పు."

"మేడమ్, కోడి..."

ఆ మనిషి ఆఖరి ముద్ద మింగాడు. ప్లేటుని భుజం మీదుగా వెనక్కి విసిరేశాడు. వేళ్లు టేబుల్ క్లాతుకి తుడుచుకున్నాడు.

జెఫ్రీ నాలుక అక్కడే ఆగిపోయింది.

తిరుమల్ అరటి తొక్క గుర్తొచ్చింది. ఒకరోజు బస్టాపులో, పక్కనే డబ్బా లేక పల్లీల కాగితం జేబులో కుక్కుకుంటూ తిరుమల్ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. "నవ్వకురా జెఫ్రీ. మా దళంల ఒకడు చాక్లెట్ కాయితం బాట మీద పడేసిండు. గా కాయితం పట్టుకొని బలగాలొచ్చినయ్. పదకొండు మంది పోయిండ్రు. గా దినం సంది ఏ దళంల సుత ఎవ్వడూ కాయితం ముక్క కింద ఎయ్యడు. నేను బయటికొచ్చి ఆరేండ్లాయె. చెయ్యి ఇంకా నా మాట ఇంటలేదు."

ఇరవై రెండేళ్లు అడవిలో ఉన్న మనిషి. ప్లేటు విసిరేశాడు. అదీ వెనక్కి, చూడకుండా.

"జెఫ్రీ? కోడి ఏమైంది?" అవతల కాంతమణి గొంతు బిగిసింది.

"ఉడకలే మేడమ్. ఇంకా పచ్చిగనే ఉంది. మూత తియ్యకుండ్రి."

ఫోన్ పెట్టేశాడు.

ఎలీనా నవ్వింది. నవ్వుతూనే స్టాల్ లోపలికి వచ్చి అతని పక్కన నిలబడింది. ఆమె హ్యాండ్‌బ్యాగు జెఫ్రీ పక్కటెముకలకి ఆనింది. బ్యాగులో లిప్‌స్టిక్ ఇంత గట్టిగా ఉండదు.

"ఐదేళ్లుగా చూస్తున్నా నిన్ను" అంది చెవి దగ్గర, ఎంతో ముద్దుగా. "జోకు వేయకుండా నువ్వు ఫోన్ పెట్టేయడం ఇదే ఫస్ట్ టైం. తెలిసిపోయింది కదా?"

"తిరుమల్‌ని..."

"ఎక్కడ చాయ్ తాగుతాడో చెప్పింది నేనే. నవ్వు జెఫ్, ఆంటీ చూస్తోంది. పదిన్నరకి అసలు సోమయ్య వచ్చి నిన్ను గోంగూర అడుగుతాడు. అడగ్గానే ఎదురుగా ఉన్న బెలూన్లవాడు కాలుస్తాడు. గొడవలో నువ్వు మేడమ్‌కి ఫోన్ చేసి కోడి ఉడికిందంటావ్. అనకపోతే ముందు ఈ ఆంటీ, తర్వాత నువ్వు."

"సోమయ్య మీకూ తెల్వదు గద."

"తెలియక్కర్లేదు. మాట అతనే అంటాడు."

హదస్సా ఆంటీ వెనక్కి తిరిగి మురిసిపోయింది. "వచ్చావా అమ్మాయ్, మంచిపని చేశావ్. ఆ ప్లేట్లు అందించు."

"ష్యూర్ ఆంటీ" అంది ఎలీనా. బ్యాగు కదల్లేదు.

పదీ ఇరవై ఆరు. జెఫ్రీ ముద్దలు చేస్తున్నాడు. నాలుగు నిమిషాలు. నాలుగు వందల ముఖాలు. వాటిల్లో ఒకటి తన వైపు నడిచొచ్చి, నాలుగు మాటలు పలికి చచ్చిపోతుంది. ఆ ముఖం ఏదో తనకి తెలియదు.

ముఖాలు చూడటం మానేశాడు. చేతులు చూడటం మొదలుపెట్టాడు.

కట్లెట్ తిన్న పెద్దాయన. ప్లేటు కింద. చేపల పులుసు ఆవిడ. ప్లేటు కింద, పైన ముల్లు. సూటు వేసుకున్న సంఘపెద్ద అటూ ఇటూ చూసి, కుర్చీ కిందకి తోశాడు. మైకులో ప్రేమమణి గొంతు బొంగురుపోయింది. "మిమ్మల్ని చూసి సిగ్గుపడుతున్నాను సహోదరులారా!"

కేకుల స్టాల్ పక్కన ఒక మనిషి. ఎవరిదో వదులు కోటు, నూనె రాసి పక్కపాపిడి తీసిన తల, చంకలో గొడుగు. రిటైర్డ్ గుమాస్తాలా ఉన్నాడు. కేకు తినేశాడు. వేలితో పొడి కూడా అద్దుకు తిన్నాడు. ప్లేటుని రెండుగా మడిచాడు. నాలుగుగా మడిచాడు. కోటు జేబులో పెట్టుకున్నాడు. కాలి దగ్గర ఎవరో పడేసిన కప్పు కనబడితే, ఆలోచించకుండా వంగి అదీ ఏరి జేబులో వేసుకున్నాడు. ఎత్తుగా ఉన్న జేబు ఇంకొంచెం ఎత్తయింది.

నడక మొదలుపెట్టాడు. అందరూ తొక్కుతున్న బురదలో అడుగు వేయకుండా, కాలిముద్ర పడని సిమెంటు అంచు మీద నడుచుకుంటూ, నేరుగా గోంగూర స్టాల్ వైపు వస్తున్నాడు.

నడిచే చెత్తబుట్ట, అనుకున్నాడు జెఫ్రీ.

పదిన్నర. బెలూన్లవాడు గన్ ఎత్తి మోచెయ్యి టేబుల్ మీద ఆనించాడు. ఎలీనా కళ్లద్దాల కాడని వేలితో సర్దుకుంది. "రెడీ" అంది మెల్లగా, అందులో దాచిన మైకుకి.

కోటు మనిషి టేబుల్ ముందు ఆగాడు. గోంగూర గిన్నె వైపు చూశాడు. తల ఎత్తాడు. నోరు తెరిచాడు.

"ఈ గోం..."

జెఫ్రీ చేతిలో ముద్ద నిమ్మకాయంత లేదు. కొబ్బరికాయంత ఉంది. అది మొత్తం ఆ నోట్లోకి వెళ్లిపోయింది.

"బావా!" కాంపౌండంతా తిరిగి చూసేలా అరిచాడు జెఫ్రీ. "నువ్వా బావా! గిన్నేండ్లకి యాదికొచ్చినమా! తిను, మాట్లాడకు, ముందు తిను! చెల్లెను ఇచ్చినందుకు ఒక్క ముద్ద సుత తినిపియ్యకపోతినాయె!"

ముద్దలో రెండు పచ్చిమిరపకాయలు కూడా ఉన్నాయి. మనిషి కళ్లు తేలేశాడు. నోరు మెదిపే సందు లేదు. హదస్సా ఆంటీ గరిట పట్టుకుని నోరు తెరిచింది. ఎదురుగా బెలూన్లవాడు వేలు ట్రిగ్గర్ మీద పెట్టి, కాల్చాలా వద్దా తెలియక ఎలీనా వైపు చూశాడు. వీడు సోమయ్యా, లేక ఈ ఫిల్టర్‌వాడి పిచ్చి వేషాల్లో ఇంకోటా? ఎలీనాకీ తెలియలేదు. ఐదేళ్లలో జెఫ్రీ ఇలాంటివి ఐదు వందలు చేశాడు.

ఆమెకి ఆలోచించడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలో జెఫ్రీ ఎడమ చెయ్యి టిఫిన్ క్యారియర్ హ్యాండిల్‌ని చేరింది.

నొక్కాడు.

ఎలీనా కేక పెట్టి, చెవి పక్కన ఒర్లుతున్న కళ్లద్దాలు పీకేసింది. హ్యాండ్‌బ్యాగు జారింది. బెలూన్లవాడి చెవిలో బిళ్ల ఒర్లింది, చెయ్యి అదిరింది, గన్ పేలింది. ఎయిర్ గన్ అలా పేలదు. సోమయ్య చెవి పక్కనుంచి దూసుకుపోయిన బుల్లెట్ వెనకున్న గోంగూర పచ్చడి జాడీని తునకలు చేసింది. కాంపౌండు గోడ అవతల ఆగి ఉన్న వ్యానులోంచి ఒక ఆడగొంతు వినబడింది.

"పాల్! నిన్ను చంపుతా!"

తర్వాతివన్నీ గబగబా జరిగాయి. పొద్దున్నుంచి ఒక్క బెలూన్ కూడా కొట్టనివ్వలేదని మండిపోతున్న యూత్ వాళ్లు పదిహేను మంది స్టాలువాడి మీద పడ్డారు. బ్యాగు కోసం వంగిన ఎలీనా వేళ్ల మీద హదస్సా ఆంటీ గరిట దిగింది. "నా జాడీ! మా అమ్మ ఇచ్చిన జాడీ!" దొంగ సోమయ్య గేటు వైపు పరుగెత్తి, మూడో అడుగులో తను విసిరేసిన ప్లేటు మీదే కాలు జారి వెల్లకిలా పడ్డాడు. గేటు దగ్గర బందోబస్తుకున్న ఇద్దరు కానిస్టేబుళ్లు అతన్ని అక్కడి నుంచే ఎత్తుకున్నారు.

మైకులో ప్రేమమణి మాత్రం తన ధోరణిలో ఉంది. "చూశారా? అందుకే చెప్పాను!"

* * *

పదీ నలభై నాలుగు. స్టాల్ వెనక కుర్చీలో కోటు మనిషి ఇంకా నములుతూనే ఉన్నాడు. కళ్లలోంచి ధారలు కారుతున్నాయి. రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఆయాసం తీర్చుకుని, జెఫ్రీ ముఖంలోకి తేరిపార చూసి, పద్ధతి తప్పకుండా అడిగాడు.

"ఈ గోంగూర ఎవరి తోటది?"

"తోట లేదన్నా. గోడ పక్కన మొలిచింది."

"మస్తు కారముంది." చుట్టూ చూశాడు. "తిరుమల్ ఏడి? వస్తనన్నడు గద."

జెఫ్రీకి ఒక్క జోకు కూడా తట్టలేదు. "పొద్దుగాల పోయిండన్నా. వాళ్లు చంపేసిండ్రు. నాకు ఫోన్ చేసిండు, నేను..." ఆగిపోయాడు.

సోమయ్య ఖాళీ గ్లాసు మెల్లగా నేల మీద పెట్టాడు. ఏమైందని అడగలేదు. అడవిలో ఇలాంటి వార్తలు ఎన్నో విన్న మనిషి. చివరికి, "నన్నెట్ల గుర్తువట్టినవ్ తమ్మీ?" అన్నాడు.

"తిరుమలన్న చెప్పిండు" అన్నాడు జెఫ్రీ. అది అబద్ధం కాదు.

సోమయ్య జేబులో చెయ్యి పెట్టి, గుప్పెడు చెత్త తీసి జెఫ్రీ చేతిలో పెట్టాడు. కేకు ప్లేటు, కప్పు, వాటి కింద నలిగిన బిస్కెట్ రేపర్లు. జెఫ్రీ అలవాటు లేని పని చేశాడు. మర్యాదగా లేచి, మొత్తం డబ్బాలో వేయబోయాడు.

"అదీ! అలా డబ్బాలో వేయాలి!" మైకు మెచ్చుకుంది.

సోమయ్య లేచి మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు.

"ఆగు తమ్మీ. గది చెత్త కాదు. అడవి."

రేపర్లు ఒక్కొక్కటే విప్పి మోకాలి మీద సాపు చేశాడు. లోపలి వెండి వైపు సన్నటి పెన్ను గీతలు. వాగు, చింతతోపు, బడి, బోరింగు. ఏడు రేపర్లని పక్కపక్కన పెడితే ఇప్పవాడ అయింది. నలభై ఆరు చుక్కలు. మైనపు గుడ్డ మీద ఉన్న చుక్కలకీ వీటికీ ఒక్కటంటే ఒక్కటి కలవలేదు. మైనపు గుడ్డలో ఖాళీగా వదిలిన బడి బాటలోనే పద్నాలుగు ఉన్నాయి.

జెఫ్రీ ఆ పద్నాలుగునీ వేలితో మళ్లీ లెక్కపెట్టాడు. 'కోడి' తర్వాత ఇంకొక్క మాట అనుంటే చాలు.

"ముందుకు పోయినప్పుడు గీసిన గీతలన్నీ చెరిగిపోయినయ్ తమ్మీ" అన్నాడు సోమయ్య, చుక్కల మీద వేలు పెట్టి. "వెనక్కొచ్చేటప్పుడు పాతినయ్ మాత్రం అట్లనే ఉన్నయ్. పోయిన నెల ఒక ముసలామె కట్టెలకని వచ్చింది. ఇగో, గీ చుక్క దగ్గర. నలభై ఏడుండె. నలభై ఆరైనయ్."

గంజి చీర నలిగిపోయి, చెవి మెషిన్ చేత్తో పట్టుకుని కాంతమణి వచ్చి నిలబడింది. రేపర్లు చూసింది. పాల్ ఫోటోలు తీసి పంపాడు. స్క్వాడ్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. మొదటి రెండు చుక్కల చోట్లనీ వాళ్లు అప్పుడే వెళ్లి చూశారు. సరిపోయాయి.

పదీ యాభై ఎనిమిది.

"జెఫ్రీ" అంది కాంతమణి. మనిషి ఎదురుగానే ఉంది. అయినా రూలు రూలే. "కోడి?"

"ఉడికింది మేడమ్" అన్నాడు జెఫ్రీ, తన సొంత గొంతుతో.

సాయంత్రం నాలుగింటికి కబురు వచ్చింది. నలభై ఆరూ తీసేశారు. ట్రాక్టర్లన్నీ ఊరు చేరాయి. ఒక మేక తప్పిపోయింది, అదీ బడి వరండాలో దొరికింది. తలుపు తీయమని అరుస్తోందట.

ఆ కబురు సోమయ్యకి చెప్పి, జెఫ్రీ మౌలాలి మీదుగా ఇంటికెళ్లాడు. టీ బండి దగ్గర ఆగి ఒక చాయ్ తాగాడు. పేపర్ కప్పుని మడిచాడు.

మర్నాడు పొద్దున బట్టలు నానబెడుతూ ప్రిసిల్లా నీలం ప్యాంటు జేబులు తిరగేసింది. ఒక పేపర్ కప్పు, రెండు చాక్లెట్ రేపర్లు, పల్లీల కాగితం, గోంగూర మరక పడ్డ ప్లేటు ముక్క.

"ఏందయ్యా ఇది? నువ్వు ఫిల్టర్లు రిపేర్ చేస్తున్నవా, చెత్త బండి తోల్తున్నవా?"

తుపాకీ పక్కటెముకలకి ఆనించినా రహస్యం కక్కని ఏజెంట్ జెఫ్రీ, కిక్కురుమనకుండా లేచి, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఇంట్లో ఫిల్టర్ విప్పాడు.